ఎవరి చేతి కూడు? గంజి తొట్టి నుంచి ఐదు రూపాయల అన్నం దాకా

కరువు చరిత్రలు రాసినవాళ్లు రెండు సంగతులు తప్పకుండా రాస్తారు. ఎన్ని అంగుళాల వాన తక్కువ పడింది, ఎంతమంది చచ్చారు. ఈ రెంటికీ నడుమ ఇంకో సంగతి ఉంది. చావకుండా మిగిలినవాళ్లు ఎవరి చేతి కూడు తిని మిగిలారు? ఏ వరసలో కూచుని తిన్నారు? వండిందెవరు, వడ్డించిందెవరు, ఎడంగా నిలబడమన్నదెవరు? పెద్ద పెద్ద గ్రంథాలు తిరగేసినా ఈ ప్రశ్నలకు జవాబు అరపేజీ దొరకదు. రాసినవాళ్లకు ఇవి అడగాల్సిన ప్రశ్నలుగా తోచలేదు. తోచకపోవడం వింతేమీ కాదు, వాళ్లెవరూ ఆ వరసలో నిలబడినవాళ్లు కారు గదా!

తెలుగు నేల మీద ఊరికేనో, చవగ్గానో పెట్టిన కూటి కథను మాలమాదిగల వైపు నుంచి చూద్దామని మా ప్రయత్నం. పూర్తి చరిత్ర రాశామని చెప్పుకోము. ఒంగోలు దగ్గర ఎక్కువసేపు ఆగుతాం, అక్కడ మాకు దొరికింది ఎక్కువ గనక. కొన్నిచోట్ల గబగబా నడిచిపోతాం.

ముందు ఒక మాట. కరువొస్తేనే పరాయి చేతి కూటికి ఎదురుచూడాల్సి వచ్చిందనేది పై కులాల అనుభవం. పల్లెకు, గూడేనికి అది రోజువారీ బతుకు. పెద్ద రైతు దగ్గర జీతమున్న పాలేరుకు జీతంలో కొంత గింజలు, కొంత కూడు. ఆ కూడు దొడ్డిగుమ్మం దగ్గర, పైనుంచి, తగలకుండా పడేది. మాదిగ కుట్టిన మోట తొండానికీ, చెప్పుల జతకూ, కొట్టిన డప్పుకూ కళ్లంలో మేర కొలిచేవాళ్లు. ఎంత కొలుస్తారన్నది పంట మీద కొంతా, కొలిచేవాడి బుద్ధి మీద కొంతా ఆధారపడేది. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లడం మాదిగ పని. తోలు మళ్లీ చెప్పులై రైతు ఇంటికి చేరాలి, మాంసం వాళ్లది. పెళ్లిళ్లప్పుడు విస్తళ్లలో మిగిలింది వాకిలి అవతల గిన్నెలో పడాలి. ఇదంతా చేసిన పనికి వచ్చిన కూలే. ఇచ్చే తీరు మాత్రం బిచ్చం తీరు. పనికి రావాల్సినదాన్ని అడుక్కునేట్టు చెయ్యడం కులం కనిపెట్టిన కూలిలెక్క. దీన్నే మన పండితులు గ్రామీణ పరస్పర సహకారం అని రాసుకున్నారు.

మరి అన్నదానాలు లేవా అంటే, కావలసినన్ని ఉండేవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లివచ్చి రాసుకున్న యాత్రా చరిత్ర అందరికీ తెలిసిందే. దారి పొడుగునా ఎక్కడ సత్రం ఉందో, ఎక్కడ బ్రాహ్మణులకు సదావర్తి దొరుకుతుందో ఆయన శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నాడు. ఆ సత్రాలకు మాన్యాలుండేవి. మాన్యపు భూముల్లో నాటిందీ కోసిందీ ఎవరో, సత్రం అరుగు ఎక్కగలిగింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన తిరిగొచ్చిన మరుసటి ఏడే నందన కరువు వచ్చింది. 1832-33. ఐదు లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో లక్షన్నర మందికి తక్కువ కాకుండా పోయారని దొరల లెక్క. డొక్కల కరువన్నా ఇదే. మద్రాసు బాటంతా శవాలే. సత్రాలు మూతపడ్డాయా, తెరిచే ఉన్నాయా అన్నది ఆ బాటన నడిచిన మాలమాదిగలకు సంబంధించిన విషయమే కాదు. అవి ఏనాడూ వాళ్లకు తెరిచి లేవు.

వాళ్లకు తెలిసింది మద్రాసు గంజి. 1782 కరువులో కుంపిణీ వాళ్ల కాలాన అక్కడొక గంజికేంద్రం మొదలై, తర్వాత మణేగారు సత్రంగా స్థిరపడింది. దాని పక్కనే పెరిగిన ఆసుపత్రి ఇవాళ్టి స్టాన్లీ ఆసుపత్రి. మద్రాసు జనం దాన్ని చాలాకాలం కంజి తొట్టి ఆసుపత్రి అనే పిలిచారు. తొట్టి అన్నమాట గమనించండి. గొడ్లకు కుడితి పోసేదీ తొట్టే.

ఇక ధాత కరువు. 1876లో నైరుతి వానా, ఈశాన్య వానా రెండూ ఎగ్గొట్టాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోయాయి. డెల్టా కాల్వల కింద పంట ఉంది. రైళ్లున్నాయి. గింజలు కదిలాయి కూడా, ధర పలికే చోటికి కదిలాయి. కొనే డబ్బు లేనివాడి ఊరికి రైలొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపాడు. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వం కరువు పనులకు ఎక్కువ ఖర్చు పెడుతోందని దుబారా తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ను పంపారు. ఆయన మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను గింజలకు, పైన కొద్దిపాటి చిల్లరకు దించాడు. పౌనంటే అర కిలోకు కూడా తక్కువ. దాంతో రోజంతా మట్టి తవ్వాలి, మొయ్యాలి. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండితో పోల్చి, ఇది మనిషిని పని చేయించే కూలి కాదని వాదించాడు. వేసవి వచ్చేసరికి కూలి మళ్లీ పెంచక తప్పలేదు. అప్పటికి పోవాల్సినవాళ్లు పోయారు. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైబడి చచ్చారని తర్వాత లెక్కతేలింది.

కూలికి కూడా పనికిరానంత చిక్కిపోయినవాళ్లకు శిబిరాలు, గంజి. ఇక్కడే అధికారుల మధ్య ఒక చర్చ నడిచింది. గింజలివ్వాలా, డబ్బివ్వాలా, వండిన కూడు పెట్టాలా? వండిన కూడే పెడితే కులం పట్టింపు ఉన్నవాళ్లు రారు, వచ్చారంటే నిజంగా గతిలేనివాళ్లే అయివుంటారు, కాబట్టి ఖజానాకు ఆదా అని ఒక తర్కం. కులాన్ని జల్లెడగా వాడుకోవడమన్నమాట. ఇంకోపక్క, వంటకు పై కులాలవాళ్లను పెట్టడం, తినేటప్పుడు వరసలు వేరుచెయ్యడం మామూలు ఏర్పాటు. మనిషికి ఇంకో పిడికెడు గింజలు పెంచడానికి నెలల తరబడి ఉత్తరాలు రాసుకున్న ప్రభుత్వానికి, పంక్తుల నడుమ దడి కట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ కావలసి రాలేదు.

దీన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ఊళ్లో ఇచ్చేవాడి వరసలో ఉండే రైతు, ధాత కరువులో మొదటిసారి పుచ్చుకునేవాళ్ల వరసలోకి వచ్చాడు. ఇదే వాళ్ల రాతల్లో పెద్ద విషాదం. కులం పోతుందని ఆకలితో ఇంట్లోనే తలుపేసుకుని చచ్చినవాళ్ల కథలు ఎంతో జాలిగా రాశారు. ఆ జాలి మాకూ ఉంది, చావు ఎవరిదైనా చావే. కాకపోతే ఏడాదికి మూడువందల అరవై రోజులూ దొడ్డిగుమ్మం ముందు నిలబడ్డ మనిషి గురించి ఇందులో పదోవంతు సిరా కూడా ఖర్చు కాలేదు.

*

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోది. 1866లో అక్కడికి జాన్ ఎవరెట్ క్లవ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వచ్చాడు. అతని కథ మిషన్ పుస్తకాల నిండా ఉంది. మాకు కావలసింది ఆయన కంటే ముందు నడిచిన మనిషి, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. రాజయోగం నేర్చినవాడు. దేవుడి గురించి, మనిషి గురించి తనంతట తాను వెతుక్కుంటూ పోయినవాడు. తోళ్ల బేరాలకు ఊరూరూ తిరిగేవాడు గనక ప్రతి గూడెంలోనూ చుట్టమో నేస్తమో ఉండేవాడు. మాదిగల్లో కొత్తమతం పాకింది ఈ తోళ్లదారి వెంటనే. క్లవ్ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లవ్ 1899లో అచ్చువేసిన మాదిగల కథల పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే ‘చెప్పులు కుడుతూ’. దొరసాని రాతలో లోపాలున్నా, మాదిగలు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు అంత పాతవి ఇంకోచోట దొరకడం కష్టం.

ఆ కొత్త సంఘాల్లో చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లుండేవి. ఆదివారం పని చెయ్యకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మొదటి రెండూ మతానికి సంబంధించినవే అనుకుందాం. మూడోది చూడండి. చచ్చిన గొడ్డును మానడమంటే ఊరితో ఉన్న తిండి ఒప్పందంలో ఒక కొస తెంపెయ్యడం. ఆదివారం డప్పు కొట్టనన్నా, జాతరకు రానన్నా అంతే. అందుకే కరణాలు, రెడ్లు ఊరుకోలేదు. వెట్టికి పట్టుకుపోవడం, కొట్టడం, బావి దారి మూసెయ్యడం. ఊరి మేర పోతుందని తెలిసే ఆ పేదలు ఈ మాటకు నిలబడ్డారు. అరవయ్యేళ్ల తర్వాత, 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడు అడుక్కోవడం మానండి అని పిలుపిచ్చాడు. దాన్ని మనం దళిత చరిత్రలో మేలిమలుపుగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. గుండ్లకమ్మ ఒడ్డున పేరుతెలియని మాదిగలు దాన్నే చేసి చూపిస్తే మిషన్ చరిత్రలో ఒక పేరాగా మిగిలిపోయింది. ఇది మా ఫిర్యాదు, మాతో సహా.

ధాత కరువు ఈ మనుషుల మీద విరుచుకుపడింది. మొదట గొడ్లు చచ్చాయి. కట్టుబాటు లేని గూడేలకు అది కొన్నాళ్ల తిండి. గొడ్లు అయిపోయాయి, కళ్లాలు లేవు, మేర లేదు. తోలు పనికి అడిగేవాడు లేడు. పైరు లేకపోతే రైతుకు మోట ఎందుకు, తొండమెందుకు? వృత్తి కులాలకు కరువు రైతుకంటే ముందొస్తుంది, రైతుకంటే వెనక పోతుంది.

అప్పుడు కృష్ణా డెల్టా నుంచి మద్రాసుకు ఉప్పుకాల్వను కలిపే పని కరువు పనిగా నడుస్తోంది. తర్వాత గవర్నరు పేరున బకింగ్‌హాం కాల్వ అయింది. కూలికి వెళ్లిన మాదిగలకు అక్కడ కూడా ఊరే ఎదురైంది. మేస్త్రీలు పైకులాలవాళ్లు. కొలతలో కోత, కూలిలో కోత, తిట్లు. క్లవ్ యువకుడిగా అమెరికాలో భూముల సర్వేలో పనిచేసినవాడు, కొలతలు తెలుసు. ఒంగోలు దగ్గర మూడు నాలుగు మైళ్ల ముక్కను తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎండుటాకులు, తాటిమట్టలు కప్పిన శిబిరం లేచింది. మూడువేలమంది దాకా తవ్వారు. మేస్త్రీలుగా ఎవర్ని పెట్టాడు? మాదిగ బోధకులను. నూరుమందికొక బోధకుడు లెక్కన జట్లు కట్టారు.

ఈ ఒక్క ఏర్పాటు దగ్గర కాసేపు నిలవాలనిపిస్తుంది. మాదిగ చేతిలో కొలకర్ర. మాదిగ లెక్క రాస్తాడు, మాదిగ కూలి పంచుతాడు. అదే కాల్వ, అదే మట్టి, సర్కారు ఇచ్చే రేటూ అదే. మధ్యలో చేతులు మారాయి, అంతే. దాంతో దూరపు తాలూకాల నుంచి కూడా జనం ఆ ముక్కకే నడిచొచ్చారు. దారిలో పడిపోయినవాళ్లున్నారు. శిబిరంలో మశూచి, కలరా వచ్చి పోయినవాళ్లున్నారు. అది స్వర్గమేమీ కాదు. కానీ తిండి ఎంత అన్న ప్రశ్నతోపాటు ఎవరి చేతుల మీదుగా అన్న ప్రశ్నకు కూడా ఆ నడక ఒక జవాబు.

కరువు సాగినన్నాళ్లూ, 1877 మార్చి నుంచి పదిహేను నెలలు క్లవ్ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారనే మాట పడకూడదని. 1878లో వానలు పడి, పనులు ఆగి, పంచడానికి ఏమీ మిగలని రోజున జనం తిరిగొచ్చి అడిగారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. దానివెంటే బియ్యానికి అమ్ముడుపోయిన కిరస్తానీలు అన్న నింద కూడా తిరిగింది. ఇప్పటికీ తిరుగుతోంది.

ఈ నింద గురించి మా అభిప్రాయం దాపరికం లేకుండా చెప్తాం. క్లవ్ మాటనే వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. ఆయన మిషన్‌కు ఆయన లెక్క చూపించుకోవాలి. ఆయన ఆత్మకథ అచ్చయిందే 1914లో, చనిపోయిన నాలుగేళ్లకు, భార్య చేతుల మీదుగా. అయినా కాలక్రమం ఆయన కల్పించింది కాదు. గూడేల్లో ఈ కదలిక కరువుకు పదేళ్ల ముందే మొదలైంది. ఇక రెండోమాట. ఒకవేళ ఆకలే వాళ్లను నడిపించిందనుకుందాం. నాలుగు గింజల కోసం తరతరాలుగా ఊరి దేవుడి ముందు డప్పు కొట్టినవాణ్ణి గింజల కోసం హిందువైనవాడు అని ఎవరూ అనలేదే! మేర పెట్టినచోట ఉంటే అది ఆచారం, కూలి పెట్టినచోటికి పోతే అది ప్రలోభం. ఎటు పోయినా పేదవాడి కడుపును చూపిస్తారు, తలకాయను చూపించరు.

*

తర్వాతి డెబ్బయ్యేళ్లను త్వరగా దాటుదాం. 1880 కరువు కమిషను, ఆ తర్వాతి కరువు నియమావళులు గంజిని, మట్టిపనిని, కూలిరేటును కాగితం మీద పెట్టాయి. 1920లో మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని తీర్మానించింది. అప్పుడు అధ్యక్షుడు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఈ దేశంలో బడి భోజనం చరిత్ర అక్కడ మొదలవుతుంది, ఒక తెలుగువాడి పేరుతో. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ ఇంటికొచ్చినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టింది. ఆ తల్లి పేరు 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి పెట్టారు. ఆమె పేరు పెట్టడం తప్పని మేమనం. వడ్లు దంచిన చేతులకు, పొయ్యి కట్టెలు కొట్టిన చేతులకు పేర్లు మిగలవన్నదే గుర్తుచేస్తున్నాం. 1952లో రాయలసీమలో మళ్లీ గంజికేంద్రాలు. స్వరాజ్యం వచ్చి ఐదేళ్లయింది. కరువుకు సైన్యాన్ని దించి బావులు లోతు చేయించారు. బావి ఎవరి చేలో లోతయిందన్నది మళ్లీ అడగాల్సిన ప్రశ్న.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మనిషికి ఐదు కిలోలు, కుటుంబానికి మించితే ఇరవై ఐదు. ఓట్ల పథకమని ఆర్థికవేత్తలు తిట్టారు. ఓట్ల కోసమే కావచ్చు. మా పల్లెల్లో జరిగింది వేరు. రాగులు, జొన్నలు, నూకల గంజితో నెట్టుకొచ్చే ఇళ్లల్లో రోజూ వరన్నం ఉడికింది. మా అమ్మల తరం వరన్నం పండగ నాడు తిన్నది. అంతకంటే ముఖ్యం, ఆ బియ్యం కొనుక్కున్నవి. కార్డు మీద ఇంటిపేరుంది. పావుకిలో తక్కువ తూచినా, రాళ్లు కలిపినా డీలరును నిలదియ్యొచ్చు. దొడ్డిగుమ్మం దగ్గర నిలదియ్యడం కుదరదు. ఇంట్లో పదిరోజుల బియ్యముంటే రేపటి కూలి గురించి ఇవాళ బేరమాడొచ్చు. కూలోళ్లు రావట్లేదు, సోమరులయ్యారు అని అప్పటినుంచి భూస్వాములు చేస్తున్న గోల ఇదే. వాళ్ల బాధ అబద్ధం కాదు. ఆకలి వాళ్లకు చేసిపెట్టిన చాకిరీ కొంత తగ్గింది మరి. 1992లో ధర మూడున్నర చేశారు, 1994 చివర్లో మళ్లీ రెండుకు దించారు, 1996లో మళ్లీ పెంచారు. ప్రతి పెంపూ ఊళ్లో కూలిరేటు మీద ఎలా పడిందో ఎవరైనా తాలూకా వారీగా లెక్కకట్టి చూడాలి.

ఇందులోనే ఇంకో కోణముంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాలకు తరలిపోయి, ఊరికి తిరిగిరామని శిబిరంలోనే ఉండిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపడానికి ముందు ఊరు దళితవాడను వెలివేసింది. వెలి అంటే ఏమిటి? పనికి పిలవొద్దు, అంగట్లో సరుకివ్వొద్దు. తిండి ఆపితే లొంగుతారన్న పాతనమ్మకం. చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్లు, రైల్వేల్లో, తెనాలి పనుల్లో ఉన్నవాళ్లు ఉన్నారు గనక ఆ నమ్మకం అక్కడ పనిచెయ్యలేదు. పనిచెయ్యకపోయేసరికి కత్తులు తీశారు. తిండికి ఊరి మీద ఆధారపడనివాణ్ణి ఏంచెయ్యాలో ఊరికి తెలియలేదు. ఒంగోలు కాల్వ నుంచి చుండూరు దాకా, ప్రకాశం, గుంటూరు సీమల్లో ఈ దారం తెగకుండా కనిపిస్తుంది మాకు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. అంతకుముందు చాలా రాష్ట్రాలు నెలకింత అని గింజలు కొలిచి చేతులు దులుపుకునేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యిలు వెలిగాయి. 1877 నాటి చర్చ మళ్లీ వచ్చిందన్నమాట, గింజలా వండిన కూడా అని. గింజలిస్తే ఎవరింట్లో వాళ్లు వండుకుంటారు, పక్కపక్కన కూచోవలసిన పనిలేదు. వండితే కూచోవాలి. వండినామె ఎవరని అడుగుతారు. అడిగారు కూడా. దళిత స్త్రీ వండితే పిల్లల్ని బడి మాన్పించినవాళ్లు, ఆమెను మార్చేదాకా ఊరుకోనివాళ్లు అనేక రాష్ట్రాల్లో బయటపడ్డారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ 2003లో ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాలు తిరిగి ఈ సంగతులు రాసింది. రాజస్థాన్‌తో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో దళిత వంటమనుషులు చాలా ఎక్కువ అని తేలింది. అది ఊరికే రాలేదు, పొదుపు సంఘాల్లో దళిత స్త్రీలు అప్పటికే ఉన్నందువల్ల, అడిగినందువల్ల వచ్చింది. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. వందేళ్ల పైచిలుకు కరువు నియమావళులన్నీ ఒక పక్క, ఈ ఒక్క వాక్యం ఒక పక్క పెట్టి చూడాలి.

అదే 2003 ఎండాకాలం మహబూబ్‌నగర్, అనంతపురం ఊళ్లల్లో మళ్లీ గంజికేంద్రాలు తెరవాల్సి వచ్చింది. రాజధాని అప్పుడు కంప్యూటర్ల గురించి మాట్లాడుతోంది. ముసలోళ్లు గిన్నెలు పట్టుకుని చెట్టుకింద కూచున్నారు.

మాలో కొందరం సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగినవాళ్లం. నీళ్లచారులో మొహం కనిపించేదని నవ్వుకుంటాం ఇప్పుడు. అప్పుడు నవ్వలేదు. మేమున్న ఒక హాస్టల్లో వార్డెను పప్పు మూట ఇంటికి పంపేవాడు. అడిగినవాణ్ణి పదిరోజులు బయట పడుకోబెట్టాడు. అయినా ఆ కూడే లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్లు ఉండేవాళ్లు కాదు. సర్కారు కూటిని తిట్టడానికీ, దాన్ని వదులుకోనని పట్టుబట్టడానికీ మాకు రెంటికీ హక్కుంది.

*

ఇప్పుడు పట్నాల సంగతి. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో రాష్ట్రమంతా తెరిచి, 2019లో ప్రభుత్వం మారగానే మూసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మూసిన ఐదేళ్లూ ఆ తినేవాళ్లు ఎక్కడ తిన్నారని ఒక్క కమిషను వెయ్యలేదు. ఊరి వెట్టి తప్పించుకుని పట్నానికి వచ్చినవాళ్లే ఆ వరసల్లో ఎక్కువ కనబడతారు. అడ్డాకూలీలు, మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లు, ఆసుపత్రిలో రోగికి తోడొచ్చినవాళ్లు, పోటీపరీక్షలకు చదివే పిల్లలు. ఒకపూట తిండి ఏదో ఆపద వచ్చి తినేవాళ్లు తక్కువ. నెలంతా, ఏడాదంతా మధ్యాహ్నం అక్కడే తినేవాళ్లు ఎక్కువ. అద్దె, కరెంటు, పిల్లల ఫీజులు పోను మిగిలేదాంట్లో మధ్యాహ్నపు అన్నం ఐదు రూపాయలకు కుదురుతుందని లెక్క వేసుకునే ఇల్లు నడుపుతున్నారు. దీన్ని దానమంటే కుదరదు. కూలిరేటులో తగ్గిన భాగాన్ని ప్రభుత్వం పళ్లెంలో పెట్టి ఇస్తోంది. కాంట్రాక్టరు మిగుల్చుకున్నది అక్కడ భర్తీ అవుతోంది.

ఏం పెడతారన్నది ఇంకో పేచీ. ఉల్లి, వెల్లుల్లి వాడని ధార్మిక వంటశాలలకు బడి భోజనం అప్పజెప్పడం మీద కర్ణాటకలో 2018-19లో పెద్ద వాదన నడిచింది. తినే పిల్లల ఇళ్లల్లో ఉల్లి, ఎండుచేప, గొడ్డుమాంసం ఉంటాయి. వండేవాడి శుచి తినేవాడి నాలుక మీద రుద్దడం కొత్త సంగతి కాదు. గుడ్డు పెట్టమంటే సంస్కృతి అడ్డమొస్తుంది, చచ్చిన గొడ్డు తినాల్సి వచ్చినప్పుడు ఏ సంస్కృతీ అడ్డం రాలేదు. 2025 ఉగాదికి తెలంగాణలో రేషను షాపుల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. దొడ్డుబియ్యం అమ్ముకుని వేరేవి కొనుక్కునేవాళ్లు ఇంట్లోనే వండుకుంటున్నారని వింటున్నాం. పేదలకు దొడ్డువే చాలన్న ఆలోచన ఎన్నాళ్లు పట్టింది పోవడానికి!

హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి ముందున్న ఐదు రూపాయల కౌంటరు దగ్గర మేము కొన్ని మధ్యాహ్నాలు నిలబడ్డాం, తిన్నాం కూడా. ఊడ్చే పనిలో ఉన్న ఒక పెద్దమ్మ రోజూ చిల్లర కొంగున కట్టుకుని వచ్చేది. పాలమూరు వైపు ఊరు. ఊళ్లో ఉన్నప్పుడు దొరింట్లో తిన్న గిన్నె సంగతి అడిగితే చెప్పలేదు, మాట మార్చింది. రెండోరోజు తనే అంది, “ఆడ తిన్నంక గిన్నె నేనే కడిగి దడి మీద బోర్లించాలె బిడ్డా, దాన్ని ఎవరూ ముట్టరు. ఈడ పళ్లెం అందరిదీ ఒకటే, యాడనో పడేస్తరు.” పప్పు బాగుందా అని అడిగితే మాత్రం మొహం చిట్లించింది.

1877-78లో ఒంగోలు, కందుకూరు, కనిగిరి ప్రాంతాల నుంచి కరువుకాల్వ పనికి నడిచివెళ్లిన కుటుంబాల మాటలు, పాటలు ఇంకా కొన్ని గూడేల్లో మిగిలే ఉండాలి. మేస్త్రీలుగా పనిచేసిన బోధకుల మనవళ్లు, మునిమనవళ్లు ఆ జిల్లాలోనే ఉన్నారు. తెలిసినవాళ్లు మాకు రాస్తే, కాల్వ వెంట నడిచి ఆ మాటలు సేకరించే పని వచ్చే ఎండాకాలం మొదలుపెడతాం.